పేండ్సేగారింటి చైత్రగౌరి

మహారాష్ట్రలోని వాయి పట్టణంలో, కృష్ణానది ఒడ్డున వేసవిలో జరిగే ఉపన్యాసాలకు భాస్కరరావు పేండ్సే రాని సాయంత్రాన్ని నేనెరుగను. తపాలా ఉద్యోగం విరమించిన ఆయన, హిందూధర్మాన్ని ఎవరు విమర్శించినా లేచి నిలబడేవారు. ఆయన ఎంత పొడవైన వాక్యం మాట్లాడినా క్రియ తన చోటు తప్పేది కాదు. పాఠాలు చెప్పి బతికినవాణ్ణి గనుక నాకు ముందు ఆ వాక్యాలు నచ్చాయి. మనిషి తరువాత నచ్చారు. అటుపైనే వారి మేడమీద అద్దెకు దిగాను.

ఆ చైత్రంలో పుణె నుంచి వచ్చిన వక్త ఒకావిడ వితంతువుల దుస్థితిని వర్ణించింది. పేండ్సే లేచారు.

"బొట్టు ముట్టకూడదని ఏ శాస్త్రంలో ఉందమ్మా? దోషం సమాజానిది. దాన్ని ధర్మానికి అంటగట్టి లోకంలో మన పరువు తీయకండి."

"గ్రంథాలన్నీ ఒక మాట చెప్పవండీ. ఇళ్లలో మాత్రం ఆ ఆచారం ఉంది," అన్నదావిడ. చప్పట్లు పేండ్సేకే దక్కాయి.

ఆడవారి వరుసలో ఆయన చెల్లెలు కుముద్ కూర్చుని ఉంది. చిన్ననాడే భర్తను పోగొట్టుకుని అన్న పంచన చేరిన మనిషి. ఏటా గౌరిని ఉయ్యాల్లో కూర్చోబెట్టి పేరంటం చేసేటప్పుడు శనగలు నానబెట్టేది, మామిడికాయ పానకం కలిపేది ఆమే. పసుపుకుంకుమలు మాత్రం వదిన పెట్టేది. వదిన పోయాక పక్కింటి సులభ. ఈసారి సులభ కూతురి పురుటికి నాసిక్ వెళ్లింది.

"దాదా, రేపు పేరంటంలో బొట్టు నేనే పెడతాను," అన్నది కుముద్ అన్నతో, ఇంటికి రాగానే.

"సభ వేరు, ఇల్లు వేరు కుముదా. వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఇందాక నీకు చప్పట్లు కొట్టింది వాళ్ల మొగుళ్లేగా! దోషం సమాజానిదన్నావు. మరి నువ్వేం, సమాజానికి దూరపు చుట్టానివా?"

మజ్జిగ తాగుతున్న నేను తల దించుకున్నాను.

మరునాడు పేండ్సే కుంకుమభరిణ తానే తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టారు. పేరంటంవేళ మగవారు బయటికి పోవడం రివాజు. ఆయన మాత్రం వరండాలోనే కుర్చీ వేసుకున్నారు. మొదట వచ్చిన గోదూకాకు, మా వీధివాళ్లందరికీ పిన్ని వరస పెద్దావిడ, కుముద్ చేతిలో భరిణ చూసి గడప దగ్గర ఆగింది. పేండ్సే నోరు తెరవబోయారు. చెల్లెలు చూసిన చూపుకు మూసుకున్నారు.

"అంత కుంకుమ తీశావేమే పిల్లా? కళ్లలో పోసేవు, సరిగ్గా పెట్టు," అంటూ గోదూకాకు నుదురు ముందుకు వంచింది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆయన మెల్లగా అడిగారు. "అందరూ పెట్టించుకున్నారా?"

"ఇద్దరు పానకం తాగి, పనుందని వెళ్లిపోయారు."

"ఎవరు వాళ్లు?"

"చెప్పను. నువ్వు సభలో లేచి వాళ్లమీద వాదిస్తావు. వచ్చే ఏడు వాళ్లను మళ్లీ పిలవాల్సింది నేను."