సైకిల్ తొక్కడానికి స్లోవేనియా దాకా

కెనడాలో మా ఊరు కనాటా. నేను ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లే రోజుల్లో ఇక్కడి మనవాళ్లందరికీ నా మీద ఒకటే జాలి. అందరికన్నా ఎక్కువ జాలి మా వీధి చివరింటి డాక్టర్ అంకుల్‌ది. రిటైరై చాలా ఏళ్లయింది, ఇక్కడి తెలుగువాళ్లకి పెద్దదిక్కు. నేను రోడ్డు మీద కనబడితే చాలు, కారు పక్కకి తీసి అద్దం దించేవారు. "ఏమ్మా, కారు పాడైందా? ఎక్కు, దించేస్తా." పాడవలేదంకుల్, నాకు తొక్కడం ఇష్టం అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ సోమవారం అదే ప్రశ్న.

అలాంటి అంకులే రెండేళ్ల కిందటి వేసవిలో ఐదు కుటుంబాల్ని పోగుచేసి స్లోవేనియాకి సైక్లింగ్ హాలిడేకి బయల్దేరదీశారు. పర్యావరణానికి హాని చెయ్యని సెలవులట. విమానంలో సముద్రం దాటి మరీ. మేమూ వెళ్లాం. బ్యాటరీ సైకిళ్ల మీద మేము ముందు, మా రైస్ కుక్కరూ ఆవకాయ సీసాలూ వెనకాల వ్యాన్‌లో. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. చిన్న దేశం, ఎటు చూసినా అడవి, పచ్చటి నది, సైకిళ్లకి విడిగా దారి. ఎత్తుల్లో మా అమ్మాయి మా అందర్నీ దాటిపోయి, పైన నిలబడి మమ్మల్ని చూసి నవ్వేది. ఓ సరస్సు ఒడ్డున అంకుల్ హెల్మెట్ తీసి కళ్లు తుడుచుకున్నారు. "బతికితే ఇలా బతకాలమ్మా. మన పిల్లలకి నేర్పాల్సింది ఇదీ," అన్నారు. నేను నమ్మాను.

తిరిగొచ్చాక మా అమ్మాయి స్కూలుకి సైకిల్ మీద వెళ్తానంది. రెండు కిలోమీటర్లే. కానీ నా ఆఫీసు దారి ఎక్కువగా పార్కులోంచి, దాని స్కూలు దారంతా మా వీధిలోంచి. ఇటూ అటూ ఆపిన కార్లు, మధ్యలో దూసుకుపోయే కార్లు. అదృష్టం కొద్దీ అప్పుడే సిటీవాళ్లు మా వీధికి సైకిల్ లేన్ వేద్దామనుకుంటున్నాం, మీరేమంటారని ఇంటింటికీ కాగితం పంపారు. "లేన్ రానీ, నువ్వొక్కదానివే వెళ్లొచ్చు," అని మాటిచ్చాను. అది ఆ సాయంత్రమే చెయిన్‌కి నూనె పెట్టుకుంది.

తర్వాతి వారం అంకుల్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం తిని చెప్పులేసుకుంటుంటే మా అమ్మాయి గుమ్మం పక్క బల్ల మీదున్న కాగితం తీసి చూసింది. సైకిల్ లేన్ వద్దని కౌన్సిలర్‌కి విన్నపం. లేన్ వేస్తే వీధిలో పార్కింగ్ పోతుందట. కింద పేర్లు. స్లోవేనియాలో తొక్కొచ్చిన ఐదు కుటుంబాలూ ఉన్నాయి. మూడో వరసలో మావారి పేరు, పక్కనే నా పేరు.

"అమ్మా, యూ సైన్డ్ దిస్?"

సంతకం నేను పెట్టలేదు. మావారు పెట్టారు. తలా ఓ వంటకం తెచ్చే పాట్‌లక్ లిస్టులో రాసినట్టే, ప్రతి ఇంటి మగాయనా ఇద్దరి పేర్లూ రాసేశాడు. ఏ ఆడమనిషినీ ఎవరూ అడగలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిలదీస్తే మావారు నీళ్లు నమిలారు. "పెద్దాయన ఇచ్చారు కదా, పూజ రోజు కాదంటే ఏం బాగుంటుంది?"

నేరుగా అంకుల్ దగ్గరికే వెళ్లి, సరస్సు ఒడ్డున మీరన్న మాటేమైందని అడిగాను. ఆయన నవ్వారు. "అది హాలిడే అమ్మా. ఇక్కడ వ్రతానికి ఇరవై కార్లొస్తాయి, ఎక్కడ పెట్టుకుంటారు?" ఆ ఇరవైలో సగం, పది నిమిషాలు నడిస్తే వచ్చేసేవాళ్లవే. ఆ మాటా అన్నాను. ఆంటీ నా చేతిలో ఇంకాస్త ప్రసాదం పెట్టారు.

అక్కడే పెన్ను తీసుకుని నా పేరు కొట్టేశాను. మర్నాడు సిటీకి ఉత్తరం రాశాను. ఏమైంది? వీధివాళ్లు ఎక్కువమంది వద్దన్నారు కాబట్టి లేన్ వెయ్యడం లేదని జవాబొచ్చింది.

మా అమ్మాయి సైకిల్ గరాజ్ గోడకి వేలాడుతోంది. మాటిచ్చిన పాపానికి రోజూ పొద్దున నేనే అమ్మాయిని కార్లో స్కూలు దగ్గర దించి, అటునుంచటే ఆఫీసుకి పోతున్నాను, కాబట్టి నా సైకిలూ ఆ పక్కనే వేలాడుతోంది. అమ్మాయి వెనక సీట్లో కూర్చుంటుంది. మొన్న సిగ్నల్ దగ్గర అంకుల్ కారు మా పక్కనే ఆగింది. అద్దం దించారు. మమ్మల్ని చూసి ఆయన మొహం విప్పారింది.

"కారు బాగైందన్నమాట! సంతోషం తల్లీ."