తోలు మేస్త్రి కుట్టిన గుడ్డ ఒర

గుడియాత్తం తోలు మేస్త్రి పోయినాడు. కబురు తెచ్చింది ఆయన భార్యే. పోయిన వారం నిండు మధ్యాహ్నం వచ్చి మా పెరటి గోడ పక్కన నిలబడింది. నేను విస్తరి ముందర ఉండినా. తినేవాడి చెవిలో చావు కబురు వెయ్యకూడదని, ఆరు మైళ్లు నడిచొచ్చిన కాళ్లతో, ఆ ఎండలో, నేను చెయ్యి కడుక్కునేదాకా ఒక్క మాట మాట్లాడలేదు ఆ తల్లి. కడుక్కున్నాక చెప్పింది.

"మీ మేస్త్రి పోయినాడు సామీ. అందరికంటే ముందు సామికి చెప్పమన్నాడు."

నీళ్లు తాగి పొమ్మన్నా. వద్దని తలూపి, వచ్చిన దోవనే తిరిగి నడిచింది.

చదివే మీకు ఆయనెవరో తెలీదు. గుడియాత్తం శివార్లో చెప్పులూ, బావిలో నీళ్లు తోడే కపిలికి తోలు తొండాలూ కుట్టుకోని బతికిన మనిషి. ఆయన గురించి రాసేదేముంటాదని మీరనుకోవచ్చు. నేనీ పొద్దు ఊపిరి పీలుస్తా ఉండేది ఆయన కుట్టు వల్ల. అదీ సంగతి. ఇది ఎడం చేత్తో రాస్తా ఉండా, అక్షరాలు వంకర పోయినాయని అచ్చు వేసేవాళ్లు నన్ను తిట్టుకోవద్దు. ఎడం చెయ్యి ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తాది.

మాది వేలూరికీ గుడియాత్తానికీ నడుమ, పాలారు ఒడ్డున సేద్యగాళ్ల ఇల్లు. రాజు లేని కోట, నీళ్లు లేని ఏరు అని వేలూరిని జనం ఎగతాళి చేస్తారు గానీ, పాలారు నీళ్లు ఇసక కింద ఉంటాయి. ఊటకాలువ తవ్వుకున్నోడికే పంట. ఆ కాలువ కాడనే మాకూ మా చిన్నాయన కొడుక్కూ చెడింది. మొదట నోళ్లు లేచినాయి. తర్వాత గట్లు తెగినాయి. ఒకనాడు తెల్లారి చూస్తే మా కపిలి ఎద్దు వెనకకాళ్ల నరాలు తెగ్గోసి, కొట్టంలో నెత్తుటి మడుగులో పడుండాది. లేవాలని ముందరకాళ్లు విదిలిస్తా ఉంటే మా అన్నే దాని గొంతు కోసి పుణ్యం కట్టుకున్నాడు. "ఇయ్యాళ ఎద్దు, రేపు పెద్దోడు" అని దాయాది రచ్చలో నిలబడి అరిచినాడు. జర్మనీ యుద్ధం మొదలైన ఏడు అది. అన్న వేలూరికి పోయి, లైసెన్సు తెచ్చుకోని, ఆరు తూటాల పిస్తోలు కొన్నాడు.

పిస్తోలైతే వచ్చింది, దాన్ని పెట్టుకునేది యాడ? రొంటిన దోపుకుంటే జారతాది, సంచిలో వేసుకుంటే చేతికి రాదు. వయసులో ఉండంగా వేలూరులో గుర్రపు జీన్లు కుట్టినోడని తెలిసి మేస్త్రిని పిలిపించినాం. బక్క మనిషి, నోట్లో ఎప్పుడూ ఒక దారం పోగు నమలతా ఉంటాడు. అన్న నడుము తాడుతో కొలిచి, పది దినాలకు ఒక ఒర తెచ్చినాడు. ఏమి పనితనమప్పా అది! ఆముదం తాగించిన తోలు, లేగదూడ చెవి మాదిరి మెత్తన. చొక్కా వేసుకుంటే లోపల పిస్తోలు ఉందని కన్నతల్లికి కూడా తెలీదు. అన్న బండెక్కి దిగినాడు, గట్టు మీద ఉరికినాడు, వంగి కాలువ నీళ్లు తాగినాడు.

"కట్టుకున్నట్టే లేదురా" అని నా వీపు మీద చరిచినాడు.

"ఒరుసుకునే ఒర కొయ్యకు మిగులుతాది, మనిషి మిగలడు సామీ. యాడన్నా ఒరుసుకుంటే చెప్పండి, ఇప్పి కుడతా" అన్నాడు మేస్త్రి. యాడా ఒరుసుకోలేదు.

కానీ మా ఇండ్లల్లో తోలు కట్టుకోని అన్నం ముందర కూర్చోరు. చెప్పులు వాకిట్లో వదలాల, తోలు పట్టీ పంచలో చిలక్కొయ్యకు తగిలించాల, కాళ్లు కడుక్కోని విస్తరి ముందరికి రావాల. మా నాయన చేసినాడు, తాత చేసినాడు, మేమూ చేసినాం. ఇంత తెలివైన మా అన్నకు గానీ, అంత చదువుకున్న నాకు గానీ, అది ఒక పొరపాటని తట్టలేదు. దాయాదికి తట్టింది. వాడూ మా ఇంటివాడే కదా, ఏ యాళకు ఏమి ఇప్పుతామో వాడికి తెలీదా?

పట్టపగలు ముగ్గురొచ్చినారు, దాయాదీ, వాడి బామ్మర్దీ, ఇంకొకడూ. నేను బావి కాడ కాళ్లు కడుగుతా ఉండా. అమ్మ చారు గిన్నెతో వంటింటి గడప దాటతా ఉండాది. అన్న విస్తరి ముందర నుంచి లేచి చిలక్కొయ్య వైపు ఉరికినాడు. మూడో అడుగులో మొదటి వేటకొడవలి భుజం మీద పడింది. చెయ్యి చర్మానికి వేలాడింది. ఆ చేత్తోనే ఇంకా పట్టీని అందుకోవాలని చూసినాడు నా అన్న. రెండో వేటు మెడ మీద. నేను చెంబుతో పరిగెత్తొచ్చినా. చెంబుతో! అప్పటికే వాళ్లు వాకిలి దాటినారు. విస్తర్లో తెల్లన్నం కనపడలేదు, అంతా ఎరుపు. అమ్మ ఆ నెత్తుటన్నం మీద పడి, రెండు చేతుల్తో దాన్ని పోగు చేస్తా అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉండాది. సాక్ష్యం చెప్పేదానికి ఒక్కడూ రాలేదు. ముగ్గురూ బయటే తిరిగినారు. "ఇంక చిన్నోడే" అని కబురు పంపినారు. చిన్నోడంటే నేను.

మూడో దినం మేస్త్రి వచ్చినాడు. వాకిట్లోనే నిలబడినాడు. ఆయన్ను చూస్తానే నాకు ఒళ్లు మండింది. "నీ ఒర కొయ్యకు మిగిలింది, చూడు, కళ్లారా చూసుకో" అని అరిచినా. ఆయన పంచ ఎక్కకుండా, కిందనే మట్టిలో, విస్తరి వేసే తావుకు ఎదురుగా నిలబడి చిలక్కొయ్యకు ఎదురుగా వచ్చేదాకా అడుగులు పెట్టినాడు. అయిదు.

"నేను నడుము కొలిచినా సామీ. అన్నం యాళను కొలవలేదు" అన్నాడు. ఆయన కంట్లో నుంచి నీళ్లు కారి నోట్లోని దారం పోగు తడిసింది.

పెద్దకర్మ అయినాక మళ్లీ వచ్చినాడు. పొద్దు పొడిచేటప్పటి నుంచి పొద్దు గూకేదాకా నన్ను చూస్తా కూర్చుంటానన్నాడు. నాకు తిక్క రేగింది గానీ సరేనన్నా. పిస్తోలు, ఆ తోలు ఒర ఇప్పుడు నా నడుముకే ఉండినాయి. పెరట్లో గోడ నీడకు కూర్చోని దినమంతా చూసి, సాయంత్రం లెక్క చెప్పినాడు.

"స్నానానికి ఇప్పినావు. దీపం పెట్టేదానికి ఇప్పినావు. గుడి కాడ, ఆవు కాడ, మూడు పూటలా అన్నం కాడ ఇప్పినావు. అమ్మ కాళ్లకు మొక్కేటప్పుడు ఇప్పినావు. ఎనిమిది మార్లు సామీ. దినానికి ఎనిమిది మార్లు నువ్వు చచ్చినట్టే."

"తోలు మైల కదప్పా, ఏమి చెయ్యమంటావు?"

"తోలు తగిలితే అన్నం మైల అంటిరి. నెత్తురు పడిన అన్నాన్ని ఏమంటారు సామీ?"

వంటింట్లో అమ్మ వినింది. గడప కాడికొచ్చి, "తోలుతోనే కూర్చోని తినుంటే నా బిడ్డ ఉండును కదరా" అని తల బాదుకునింది. అయినా మరుదినం నేను పట్టీ ఇప్పే కూర్చున్నా. అలవాటు అట్లాంటిది.

అప్పుడు ఆ తోలు మేస్త్రి తోలును పక్కన పెట్టేసినాడు. గుడియాత్తం మగ్గాల వీధి మొగదల నిలబడి, నన్ను లోపలికి పంపి, ఎనిమిది పోగులు పేనిన దారంతో జానెడు వెడల్పు పట్టీ నేయించినాడు. గంజి పెట్టి బిగించి కుట్టినాడు. మొదటిది నవ్వులపాలయింది. వేలూరు మండీలో చెమటకు గంజి కరిగి, పిస్తోలు పంచె లోపల మోకాలి దాకా జారింది. నడివీధిలో కొత్త పెళ్లికూతురు మాదిరి మోకాళ్లు దగ్గరికి పెట్టుకోని బండి దాకా నడిచినా. చెప్తే మేస్త్రి పడీపడీ నవ్వి, దాన్నంతా ఇప్పేసి, మగ్గానికి వాడే సన్న వెదురు బద్దలు లోపల పెట్టి మళ్లీ కుట్టినాడు. నాకు ఇచ్చే ముందర, పిస్తోలు బరువుకు సరిపోయే గుండ్రాయి అందులో పెట్టుకోని తానే కట్టుకోని తిరిగినాడు, పన్నెండు దినాలు. పండుకునేటప్పుడు కూడా ఇప్పలేదంట. ఆయన తొడ మీద పుండు లేచిన తావున బద్ద తీసేసినాడు, ఆ తర్వాతే నాకు తెచ్చినాడు.

చివరాఖరికి ఒక పరీక్ష పెట్టినాడు. పంచలో విస్తరి వేయించి, చారన్నం కలపమన్నాడు. కలిపినా. "ఇప్పుడు పిస్తోలు తియ్యి" అన్నాడు. కుడిచేత్తో తీయబోతే చారుకు జారి చెయ్యి పట్టు తప్పింది. ఆయన తల కొట్టుకున్నాడు.

"ఎంగిలి చెయ్యి సామీ! తినేవాడికి మిగిలేది ఎడం చెయ్యే కదా" అని, ఒరను ఎడంచేతికి అందేటట్టు తిప్పి కుట్టినాడు. నడుముకు తుండు చుట్టుకోని కూర్చుంటే, పైన చొక్కా లేకపోయినా అది కనపడదు. రెండు నెలలు ఎడం చేత్తో గురి నేర్చుకున్నా. అమ్మ ఆ ఒరను పసుపు నీళ్లల్లో ముంచి తీసి తానే నాకు ఇచ్చింది. మేస్త్రి ఇంకొక మాట చెప్పినాడు. "చిలక్కొయ్యను ఖాళీగా ఉంచొద్దు. పాత తోలు ఒర దానికే తగిలించు. చూసేవాడు దాన్నే చూసుకోనీ."

అన్న సంవత్సరీకం నాడు వాళ్లు మళ్లీ వచ్చినారు. ఆ దినమైతే తోలు ముట్టనే ముట్టనని వాళ్ల ధైర్యం. ఈ మారు ఇద్దరే, దాయాదీ, వాడి బామ్మర్దీ. వాకిట్లోకి వస్తానే దాయాది కన్ను చిలక్కొయ్య మీదికి పోయింది. తోలు ఒర చూసినాడు, పళ్లు ఇకిలించినాడు. నేను విస్తరి ముందర నుంచి లేవలేదు. తుండు కింద నుంచే ఎడం చేత్తో కాల్చినా. కడుపులో దిగింది. బామ్మర్ది కొడవలి నా కుడిచేతి మీద పడింది, విస్తర్లో ఉండిన చేతి మీద. చూపుడు వేలూ నడిమి వేలూ తెగి, కలిపిన ముద్దలోనే మిగిలిపోయినాయి. రెండో తూటాకు వాడి దవడ ఎగిరిపోయింది, వాడు అక్కడే పోయినాడు. దాయాది మాత్రం పోలేదు. విస్తర్ల మీద దొర్లతా, పేగులు చేత్తో పట్టుకోని, "నీళ్లు పెద్దమ్మా" అన్నాడు. మా అమ్మ, వాడు చంపినోడి తల్లి, చెంబు తెచ్చి వాడి నోట్లో పోసింది. "తద్దినం పూట అడిగినోడికి లేదనకూడదు" అనింది. మూడు గుటకలు తాగి పోయినాడు. ప్రాణం కాపాడుకునేదానికి కాల్చినాడని కోర్టు నన్ను వదిలేసింది. నన్ను నేను వదిలిపెట్టుకోలేదు, అది వేరే సంగతి.

చేతికి కట్టుతో ఉండంగా మేస్త్రి వచ్చినాడు. బతికినావా అని అడగలేదు, భలే కాల్చినావు అనలేదు. గోడ కాడ నిలబడి మెల్లిగా అడిగినాడు.

"యాడా ఒరుసుకోలేదు కదా సామీ?"

"లేదు మేస్త్రీ."

అప్పుడు కూర్చోని ఏడ్చినాడు. ఆ దాయాది చెప్పులు కూడా ఆయనే కుట్టేవాడు. తర్వాత వేలూరు నుంచి, కాట్పాడి నుంచి, దూరాభారాల నుంచి కూడా పెద్ద పెద్ద వాళ్లు ఆ ఒర కావాలని వచ్చినారు. ఒక్కరికీ కుట్టలేదు. "రెండు కుట్టినా. ఒకటి ఒకణ్ణి చంపింది, ఇంకొకటి ఇద్దర్ని. చాలు సామీ, ఇంక చాలు" అనేవాడు. నన్ను అడిగింది ఒక్కటే, చిలక్కొయ్యకు ఉండే తోలు ఒర. ఇచ్చేసినా. ఏమి చేసుకుంటాడో అడగలేదు.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన మాట చెప్తా. ఆ తర్వాత పదిహేనేండ్లకు పైగా ఆయన మా ఇంటికి వచ్చిపోతా ఉండినాడు. నా ప్రాణం నిలబెట్టిన మనిషికి నేను అన్నం పెట్టింది పెరటి గోడ కాడ, చెప్పులు వదిలే తావున. పంచ ఎక్కి కూర్చోమని ఒక్కనాడూ అనలేదు. నోటిదాకా వచ్చింది, అనలేదు. ఆయన కుట్టింది నా ఒంటికి తగలొచ్చు, ఆయన మాత్రం నా విస్తరి పక్కకు రాకూడదు. థూ, ఏమి బతుకురా నాది!

మొన్న ఆయన కర్మ నాడు గుడియాత్తం పోయినా. తల వంచుకోని దూరే గడప. ఒకటే గది, చుట్టూ తోళ్లు, ఆముదం వాసన. "నాకు ఈడనే అన్నం పెట్టమ్మా" అన్నా. ఆ తల్లి బిత్తరపోయింది. గోడ వారగా చాప వేసి విస్తరి పరిచింది. కూర్చున్నా. కూర్చున్నాకే చూసినా. నా ఎడం పక్క గోడకు, మనిషి కూర్చుంటే భుజమంత ఎత్తులో, ఒక చిలక్కొయ్య కొట్టి ఉండాది. అంత కిందికి ఎవురైనా కొయ్య కొడతారా? దానికి మా అన్న తోలు ఒర వేలాడతా ఉండాది. ఇన్నేండ్లయినా ఆముదం పూసి పూసి నిగనిగలాడతా ఉండాది.

"ఆయప్ప కూర్చునే తావు సామీ అది" అనింది ఆమె, అన్నం వడ్డిస్తా. "తింటా తింటా నడిమధ్యలో ఎడం చెయ్యి చాపి దాన్ని ముట్టుకోని చూసేవాడు. ఎందుకయ్యా అంటే చెప్పేవాడు కాదు. అందితే మళ్లీ తినేవాడు."

మిగిలిన మూడు వేళ్లతో ముద్ద కలిపినా. నోట్లో పెట్టుకోకముందు ఎడం చెయ్యి చాపినా.

అందింది.