అవతలి గట్టున గీసిన గీత

పోయిన శరత్కాలంలో నోరీన్ పదవీ విరమణ చేసినప్పుడు హాల్లో విందు పెట్టాం. ఎండు సాల్మన్, చేపనూనె, వేయించిన రొట్టె, ఎవరో తెచ్చిన నూడుల్స్. లేచినవాళ్లందరూ ఆమెను పొగిడారు. నత్తగుల్లల తీరం తిరిగి తెచ్చిందన్నారు, గని వాళ్లను వెనక్కి పంపిందన్నారు. అన్నీ నిజాలే. ఆమె మాత్రం పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు.

మా ఆదివాసీ జాతి భూమి హక్కుల శాఖను ఆమె పందొమ్మిదేళ్లు నడిపింది. శాఖంటే ఏమో అనుకునేరు! నాలుగు కుర్చీలు, ఒక పటాల బల్ల, వాన పడితే కారే కిటికీ. మా దగ్గర వాన పడని రోజెక్కడ? ఫలానా లోయలో చెట్లు కొడతాం, మీకేమైనా అభ్యంతరముంటే అరవై రోజుల్లో చెప్పండి అంటూ ఉత్తరాలు వచ్చి పడుతుండేవి. మా నేల మీద మేం గడువులోపల అభ్యంతరం చెప్పుకోవాలట. అయినా నోరీన్ ఒక్క గడువూ దాటనివ్వలేదు.

తొమ్మిదో మైలు వాగుకు కుడి గట్టున, కాస్త ఎగువన, ఒక దేవదారు తోపు ఉండేది. నోరీన్ తల్లి తరపు ఆడవాళ్లది అది. ఆ ఇంటి పిల్లకు పన్నెండో పదమూడో ఏడు రాగానే అక్కడికి తీసుకెళ్లి, ఒక చెట్టు చూపించి, బుట్టలల్లే బెరడు నిలువునా ఒక పట్టీ తీయిస్తారు. చెట్టుకేమీ కాదు, మచ్చ మాత్రం ఉండిపోతుంది. ఆనాటి నుంచి అది ఆ పిల్ల చెట్టు. నోరీన్‌కు పదకొండేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ తర్వాత రెండేళ్లకు అగాథ పెద్దమ్మే ఆమెను తోపుకు తీసుకెళ్లింది. తల్లి చెట్టు మీది మచ్చ చూపించి, "ఇది మీ అమ్మ చేతి పనే," అంది. "ఈ చోటు ఎవరికీ చెప్పకు. తెలిసిందా?"

మా ఆడవాళ్లకు ఇది పాత అలవాటే. బెరడు చోటు గానీ, పళ్ల చోటు గానీ బయటివాడు అడిగితే, నవ్వుతూ అవతలి గట్టు చూపిస్తారు. నా చిన్నప్పుడు నోట్‌బుక్ పట్టుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన వాళ్ల మాట నమ్మి రెండు రోజులు ముళ్లలో తిరిగాడు. ఊరంతా వారం రోజులు నవ్వుకున్నాం. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు.

ఏడేళ్ల కిందట ఒక కలప కంపెనీ ఆ వాగు లోయకు వచ్చింది. వాళ్ల పటంలో కోత ఎడమ గట్టున మాత్రమే. తోపు జోలికి రాలేదు. కంపెనీ తరఫున వచ్చిన ఫారెస్టరు మంచివాడు. అదే మా ఖర్మ. "మీకు ముఖ్యమైన చోటు ఈ లోయలో ఉంటే గీసివ్వండి. అటు అడుగు పెట్టం," అన్నాడు.

పటాలు గీసే డారెల్ పెన్సిల్ పట్టుకుని అడిగాడు. "ఎక్కడ గీయమంటావక్కా?"

నోరీన్ ఎడమ గట్టు మొత్తం చుట్టి చూపించింది.

"అక్కడ మామూలు చెట్లూ ముళ్లపొదలూ తప్ప ఏముందక్కా?"

"గీయమన్నాను కదరా."

డారెల్ పకపకా నవ్వాడు. "మా అమ్మమ్మా ఇంతే. పళ్లెక్కడివే అంటే సముద్రం వైపు చూపించేది!"

నోరీన్ కూడా నవ్వింది. ఎడమ గట్టు మూసేస్తే వాళ్లు లోయే వదిలి పోతారని ఆమె లెక్క. రెండు నెలలకు ఉత్తరం వచ్చింది, మీ అభ్యంతరాన్ని పూర్తిగా గౌరవించామని. సంతోషంగా ఫైల్లో పెట్టేసింది. వెనక జత చేసిన కొత్త పటం విప్పి చూడలేదు.

మరుసటి ఏడు, చెట్ల బెరడు వదులయ్యే రోజుల్లో, అగాథ పెద్దమ్మ బుట్ట పట్టుకుని ఆఫీసు ముందుకొచ్చి నిలబడింది. "పదవే, ఎనభై రెండొచ్చాయి నాకు. వచ్చే ఏడు నా మోకాళ్లు నా మాట వినవు."

ఇద్దరూ ట్రక్కులో బయల్దేరారు. వాగు మలుపు తిరగ్గానే, చెట్లుండాల్సిన చోట ఆకాశం కనిపించింది. కుడి గట్టంతా మొద్దులే. కంపెనీ మాట తప్పలేదు. ఎడమ గట్టు వదిలేసి, కోతంతా ఇటు మార్చుకుంది.

నోరీన్ ఏమీ దాచలేదు. గీత గీయించింది తానేనని, పటం విప్పనిది తానేనని ట్రక్కు దిగకముందే చెప్పేసింది. పెద్దమ్మ అద్దంలోంచి చూస్తూ అంతా వింది.

"నీ ఆఫీసుకీ మా ఇంటికీ మధ్య నాలుగిళ్లు. నేను బతికే ఉన్నానుగా. వచ్చి అడిగుంటే, ఉన్నచోటే గీయమనేదాన్ని కదే."

"ఎవరికీ చెప్పకన్నావు కదా పెద్దమ్మా..."

"పదమూడేళ్ల పిల్లకు చెప్పానే ఆ మాట. ఆఫీసు నడిపే మనిషికి కాదు."

ఇన్నేళ్లూ నోరీన్ ఎంత మందితో వాదించింది! అడగాల్సిన ఒక్క మనిషిని అడగలేదు. ఇప్పటికీ ఆమెను తినేసేది అదే.

ఇద్దరూ దిగి మొద్దుల మధ్య నడిచారు. మచ్చలన్నీ దుంగలతోనే వెళ్లిపోయాయి. మచ్చలు మొదలయ్యేది నడుమెత్తులో, నరికింది మోకాలెత్తులో.

"అమ్మది ఏది పెద్దమ్మా?" అని అడిగింది నోరీన్.

ముసలమ్మ ఒక్కో మొద్దు దగ్గరా ఆగి, చేత్తో తడిమి, ముందుకు కదిలింది. చివరికి బుట్ట కింద పెట్టి ఒక మొద్దు మీద కూర్చుండిపోయింది.

"నాదేదో కూడా తెలియట్లేదే," అంది.