చెవుల పైన నాలుగు తెల్ల వెంట్రుకలు

కత్తెర గురించి చెప్పమంటే నాకు ముందు తిట్లే వస్తాయి. ఏం చేయను, పొగడటం నాకు చేతకాదు. నా ఇస్త్రీ కొట్టుకీ ఆమె సెలూనుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ, అదీ అట్టముక్కంత పలచన. అక్కడ కత్తెర ఆడితే ఇక్కడ నాకు వినిపిస్తుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరేదో ఆమెకి ఉండే ఉంటుంది కానీ, వీధిలో ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు, అందరికీ ఆమె కత్తెరే.

తండ్రి పోయాక సెలూను తనే తెరిచింది. ఆడపిల్ల చేతికి తల అప్పగించడమా అని మగమహారాజులు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు. వాళ్ల అమ్మ, కొట్టు ఎవరికైనా ఇచ్చేయవే అని పోరు పెట్టింది. ఆమె ఏం చేసిందో తెలుసా? తలుపులు బార్లా తెరిచి, తండ్రి కుర్చీలో తనే కూర్చుని, అద్దంలో చూసుకుంటూ తన జడ తనే కత్తిరించేసుకుంది. నడుం దాటిన జడ! నాకు ప్రాణం ఉసూరుమంది. ఆమె మాత్రం లేచి గుమ్మంలోకి వచ్చి, "చూశారుగా, చెయ్యి వణకలేదు. ఇక రండి" అంది. ముందు మా వీధి ఎలక్ట్రీషియను వెళ్లాడు. బాగా కుదిరింది. ఇంక మిగతావాళ్లూ వరస కట్టారు.

తండ్రి ఆమెకి కొట్టుతో పాటు ఒక నియమం కూడా ఇచ్చి పోయాడు. కుర్చీలో విన్నది, కుర్చీలో చూసింది గుమ్మం దాటకూడదు. మెడకు గుడ్డ చుట్టగానే మగాళ్లకు ఎక్కడలేని మాటలూ వస్తాయి. భార్యతో గొడవలు, బట్టతల బెంగలు, అన్నీ అక్కడే. గోడ ఇవతల నాకు సగం వినపడి, మిగతా సగం కోసం ప్రాణం కొట్టుకుపోయేది. అడిగితే, "కుర్చీలో మాట అడక్కు వదినా" అనేది. ఎంత బతిమాలినా అంతే. ఇలాంటి మనిషితో స్నేహం చేసి ఏం లాభం చెప్పండి!

ఇక ఆ నవ్వుల గోల. ఎలక్ట్రీషియనుకు ఎక్కడ పట్టుకుందో ఆ పిచ్చి, కటింగ్ చేయించుకుంటూ జోకులు చెప్పి ఎలా ఉన్నాయని అడిగేవాడు. "నీ జోకుకి నవ్వితే నా చెయ్యి కదిలి నీ చెవి తెగుతుంది, సెలవు రోజు రా" అంది కత్తెర. సెలవు రోజు మధ్యాహ్నం అతను పాత మైకూ స్పీకరూ మోసుకొచ్చాడు. స్టాండప్ కామెడీ అంటారట దాన్ని. నిలబడి మాట్లాడటానికి కూడా ఒక పేరా అనుకున్నాను. నేను పొద్దస్తమానం నిలబడే మాట్లాడతాను, ఎవడూ చప్పట్లు కొట్టలేదు.

ఆ సెలూనులో కుర్చీలు అద్దాల వైపు తిప్పి నేలకి బిగించేసి ఉంటాయి, కదలవు. మైకు పెట్టుకునే ప్లగ్గేమో వెనక గుమ్మం పక్కన. అందుకని చెప్పేవాళ్లు వెనక గుమ్మం దగ్గర నిలబడేవారు, వినేవాళ్లు అద్దం వైపు కూర్చునేవారు. అద్దంలో వాళ్ల ముఖాలు వీళ్లకీ, వీళ్ల ముఖాలు వాళ్లకీ కనిపించేవి. ఎవరైనా వెనక్కి తిరిగితే, "ముందుకి చూడు, తల కదిపితే కటింగ్ చెడిపోద్ది!" అని అందరూ గోల చేసేవారు. అదే వాళ్లకి అలవాటైపోయింది.

మొదట్లో మనుషులకంటే కుర్చీలే ఎక్కువ. ఒకసారి ఎలక్ట్రీషియను తన పెళ్లిచూపుల గురించి సాగదీస్తుంటే నాకు ఒళ్లు మండి, "ఒరేయ్, ఆ పిల్ల నిన్ను కాదని బతికిపోయిందిరా!" అని గోడ ఇవతల్నుంచే అరిచాను. అతని జోకులన్నిటికంటే దానికే ఎక్కువ నవ్వారు. తర్వాత బస్సు డ్రైవరొచ్చాడు, లెక్కల టీచరమ్మొచ్చింది. బెంచీలు వేశారు, అవీ చాలక గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నారు. నేనూ పని మానేసి వెళ్లేదాన్ని. తిట్టడానికే లెండి. కొన్నాళ్లకి కత్తెర కూడా మైకు పట్టుకుంది. ఒట్టు, వాళ్లందరికంటే ఆమే బాగా చెప్పేది.

ఆమె చెప్పినవాటిలో వాళ్ల నాన్న జోకు వీధంతా పాకింది. "మా నాన్న తలకి రంగేసుకునేవాడు. చెవుల పైన మాత్రం నాలుగు తెల్ల వెంట్రుకలు వదిలేసేవాడు. అవెందుకు నాన్నా అంటే, 'వాళ్లు సాక్షులే. మిగతా నలుపంతా సొంతమని సాక్ష్యం చెప్తారు' అనేవాడు. మరి అమ్మకి తెలుసా అంటే, 'నేను చెప్పలేదే, దిండు చెప్పేసింది' అనేవాడు."

దాన్ని ఎవరో ఫోనులో తీసి అందరికీ పంపారు. మర్నాడు నేను ఇస్త్రీ తువ్వాళ్లు ఇవ్వడానికి సెలూనుకి వెళ్తే, వర్తక సంఘం ప్రెసిడెంటు నిప్పు తొక్కినట్టు ఎగురుతున్నాడు. మా వరసలో కొట్లన్నీ సంఘానివే. ఉండమన్నా పొమ్మన్నా ఆయన మాటే. ఆయన కటింగూ కత్తెర దగ్గరే.

"కుర్చీలో సంగతి బజార్లో పెడతావా? మీ నాన్నే ఉంటే నీ చెంప పగలగొట్టేవాడు!"

"అది మా నాన్న జోకండీ. మా నాన్న తలే."

"ఎవరి చెవిలో పువ్వులు పెడతావ్? సంఘం మీటింగులో అందరి ముందూ క్షమాపణ చెప్పు. ఆ మైకు మూసెయ్. లేదంటే కొట్టు ఖాళీ చెయ్!"

అప్పటిదాకా ఆ తలమీది నలుపు సొంతమే అనుకున్నాను నేను. పిచ్చిమొహం, తన గుట్టు తనే నా ముందు విప్పుకుని పోయాడు.

"ఇంకేం, దొరికాడు! మీటింగులో ఆ రంగు సంగతి చెప్పేసెయ్, పీడా పోతుంది" అన్నాను.

"ఎవరి రంగు వదినా?"

"నా దగ్గర కూడానా!"

ఆమె తువ్వాళ్లు అలమరలో సర్దుతూ, "అది చెప్తే నేను నిజంగానే తప్పు చేసినదాన్నవుతా. క్షమాపణ చెప్పినా అంతే, కుర్చీలో మాట అమ్ముకుందని లోకం అనుకుంటుంది. ఇంక ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? కొట్టు పోతే పోనీ. క్షమాపణ మాత్రం చెప్పను" అంది. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియను చేత కుర్చీల బోల్టులు వదులు చేయించి పెట్టుకుంది. ఖాళీ చేయమంటే రోడ్డు మీదే కటింగ్ చేస్తానంది. అంత మొండితనం మనిషికి పనికిరాదని నాలుగు తిట్టి, ఇంటికెళ్లి ఏడ్చాను.

మీటింగు రోజు సంఘం హాలు నిండిపోయింది. వేదిక మీద ప్రెసిడెంటు ఒక్కడే కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని. కింద సగానికి సగం సెలూనుకి వచ్చే జనమే. కత్తెరను పిలిచి వైర్లెస్ మైకు చేతికిచ్చారు. ఆమె దాన్ని తీసుకుంది. వేదిక ఎక్కలేదు. నేరుగా నడిచి వెళ్లి హాలు వెనక గుమ్మం పక్కన నిలబడింది. అలవాటు! ఈ హాలులో అద్దం లేదన్న సంగతే మర్చిపోయింది మహాతల్లి. మా వాళ్లేమైనా తక్కువ తిన్నారా? ఒక్కరూ వెనక్కి తిరగలేదు. తిరగబోయినవాళ్లని పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు. అందరి చూపూ ముందుకే. ముందున్నదేమో ప్రెసిడెంటు.

"క్షమాపణ చెప్పమన్నారు" అంది వెనకనుంచి. "దేనికో అందరికీ తెలియాలిగా. ముందు జోకు వినండి."

చెప్పింది. ఒక్క మాట మార్చలేదు. తెల్ల వెంట్రుకల దగ్గరికి వచ్చేసరికి ప్రెసిడెంటు చెయ్యి దానంతటదే లేచి చెవి పైకి వెళ్లింది. దిండు దగ్గరికొచ్చినా దిగలేదు. హాలంతా ఆ చేతినే చూస్తోంది. ముందు టీచరమ్మ కిసుక్కుమంది. ఇంక ఆగలేదు జనం, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. నేనైతే కడుపు పట్టుకుని కూలబడ్డాను.

నవ్వు తగ్గేదాకా ఆగి కత్తెర అంది: "ఇది మా నాన్న జోకు. ఆయన లేడు కాబట్టి ఇంట్లో ఫొటో ముందు క్షమాపణ చెప్పుకుంటా. ఇంకెవరికైనా నేను క్షమాపణ బాకీ ఉంటే చెయ్యెత్తండి."

హాలు మొత్తంలో లేచి ఉన్నది ఒక్కటే చెయ్యి. ఆయన దాన్ని చటుక్కున దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవరూ లేరన్నమాట. సెలవు రోజు మధ్యాహ్నం మా కొట్లో మళ్లీ ఉంటుంది, అందరూ రండి" అని మైకు పక్కవాడి చేతికిచ్చి బయటికి నడిచింది. బయట మెట్ల మీద కూర్చుండిపోయింది. నీళ్లు తాగించాను. "వదినా, నేను వెనక నిలబడ్డానా?" అని అప్పుడడిగింది. అవునే తల్లీ అన్నాను.

కొట్టు ఖాళీ చేయమన్న మాట ఈరోజుకీ రాలేదు. బోల్టులు మళ్లీ బిగించారు. ఇప్పుడు టైర్ల కొట్లో కూడా ఒక మైకు పెట్టారు, డ్రైవర్ల యూనియన్ గదిలో ఇంకొకటి. ఆ రెండుచోట్లా అద్దాలు లేకపోయినా చెప్పేవాళ్లు వెనకే నిలబడతారు. అదేం పద్ధతని కొత్తవాళ్లు అడిగితే, ఇక్కడింతే అంటారు.

మీటింగైన కొన్నాళ్లకి కత్తెర తువ్వాళ్లు ఇస్త్రీకి వచ్చాయి. ఒకదాని అంచున నల్లటి మరక, ఉతికినా పోనిది. అదే పూట ప్రెసిడెంటు నా కొట్టు ముందునుంచే వెళ్లాడు. తల నిగనిగలాడుతోంది. చెవుల పైన నాలుగు తెల్ల వెంట్రుకలు పద్ధతిగా ఉన్నాయి. నేను తువ్వాలు పట్టుకుని పరుగున సెలూనుకి వెళ్లాను. ఆమె ఎవరికో కటింగ్ చేస్తోంది.

"వచ్చాడు కదూ? అంత రభస చేసి, సిగ్గులేకుండా నీ దగ్గరికే వచ్చాడు కదూ!"

కత్తెర చెయ్యి ఆపలేదు. అద్దంలోంచి నా ముఖంలోకి చూసింది.

"ఎవరు వదినా?" అంది.