మా మామయ్యను విదేశీయుణ్ణి చేశారు

మా మామయ్యను ఏళ్ల తరబడి దేశాధినేతగా ఉంచి, ఒకరోజు పొద్దున్నే, టీ కూడా పూర్తిగా తాగనివ్వకుండా, పరాయి దేశస్థుణ్ణి చేసేశారు. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఎత్తు చాలలేదు, అంతే.

మామయ్య ప్రభుత్వ అతిథి భవనంలో కుర్చీలు, తివాచీలు చూసుకునే ఉద్యోగి. ఇతర దేశాల అధ్యక్షులు వచ్చే ముందు అక్కడ రిహార్సల్ జరుగుతుంది. కారు ఎక్కడ ఆగాలి, ఎవరు ఎవరికి ఎడమవైపు నడవాలి, కరచాలనం ఏ స్తంభం ముందు జరగాలి, అన్నీ ముందే సరిచూసుకుంటారు. అసలు అధ్యక్షులు రిహార్సల్‌కి రారు కదా! వాళ్ల బదులు అంతే ఎత్తున్న మనుషుల్ని నిలబెడతారు. వాళ్ల తలల్ని బట్టి కెమెరాల వాళ్లు కొలత పెట్టుకుంటారు. అప్పటి మన అధినేత పొట్టి మనిషి. మామయ్యా పొట్టే. అలా మామయ్య అధినేత అయ్యాడు.

ఆ పని ఆయన ఒంటికి పట్టేసింది. రిహార్సల్ లేని రోజుల్లో కూడా చేతులు వెనక్కి కట్టుకుని, రెండు పక్కలా జనం బారులు తీరి ఉన్నట్టు నెమ్మదిగా నడిచేవాడు. సబ్బు కొనడానికి వెళ్లినా అదే నడక. భవనంలో అందరూ "అధినేతగారూ" అని పిలిచేవారు. మొదట్లో వెటకారానికి, తరవాత అలవాటు కొద్దీ.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. కొత్త అధినేత గుమ్మానికి తల తగిలేంత పొడుగు. ఏర్పాట్లన్నీ చూసే అధికారిణి ఒకామె ఉండేది. అందరూ ఆమెను మర్యాద మేడమ్ అనేవారు. ఆమె టేపు పట్టుకుని వచ్చి మామయ్యను కొలిచి, నిట్టూర్చింది.

"మీరిక సరిపోరండీ. ఇకనుంచి అతిథుల వైపు నిలబడండి. ప్రపంచంలో పొట్టి అధ్యక్షులు చాలామందే ఉన్నారు."

అదైనా మామయ్య దిగమింగుకునేవాడే. తన స్థానంలో ఎవర్ని నిలబెట్టారో, అది మింగుడు పడలేదు. భవనం తోటలో మొక్కలకి నీళ్లు పోసే పొడుగాటి తోటమాలిని నిలబెట్టారు. ఆ తోటమాలి మా నాన్న. నాన్నకి ఆ ఉద్యోగం ఇప్పించింది మామయ్యే.

మాదీ మామయ్యదీ ఒకే ఇంట్లో రెండు వాటాలు. మధ్యలో ఒక తలుపు. మామయ్యకి పెళ్లి కాలేదు కాబట్టి ఆయన భోజనం రెండు పూటలా ఆ తలుపులోంచే వెళ్లేది. ఆ సాయంత్రం మామయ్య తన ఇనప బీరువాని ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టేశాడు. ఆ చప్పుడుకి మా అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా! ఇదేం పని?"

"సరిహద్దు మూసేశానమ్మా."

"మరి భోజనం?"

"వీధి వైపు నుంచి పంపించు. విదేశాల నుంచి తెప్పించుకున్నాననుకుంటాను."

ఆనాటి నుంచి అమ్మ గిన్నెల మీద పళ్లెం బోర్లించుకుని, ఎండైనా వానైనా, వీధిలోకి దిగి చుట్టూ తిరిగి వెళ్లేది. వెళ్లేటప్పుడు నాన్నని తిట్టేది, వచ్చేటప్పుడు అన్నని తిట్టేది.

మామయ్య బాధేమిటో నాకొక్కడికే చెప్పాడు. "పదవి పోతే పోయిందిరా. కానీ మీ నాన్న నన్ను ఒక్క మాట అడిగాడా? ఎక్కడ చూడాలి, ఎలా నిలబడాలి, చెయ్యి ఎంతసేపు పట్టుకోవాలి? ఇన్నేళ్లు చేసినవాణ్ణి పక్క వాటాలోనే ఉన్నానే! ఒక్కసారి అడగమను. బీరువా నేనే జరిపేస్తాను."

ఈ సంగతి నాన్నకి చేరవేస్తే ఆయన నవ్వాడు. "నిలబడటానికి పాఠాలేంట్రా? ఏడాది నిండినప్పట్నుంచీ నిలబడుతూనే ఉన్నా!"

అక్కడే ఆగిపోయింది వ్యవహారం, ఏళ్ల తరబడి.

నా చదువు మధ్యలోనే ఆగిపోయింది. పాత కాగితాల కొట్లో కిలోల లెక్కన దొరికే విదేశాంగ పత్రికలన్నీ చదివేశాను. ఏ దేశం ఎవరితో ఎందుకు చేతులు కలుపుతుందో చెప్పగలను. నాకు పని ఎవరిస్తారో మాత్రం చెప్పలేను. మన దేశం ఎదుగుతోంది. ఎదిగే దేశానికి ఒక చిక్కుంది. అందరూ పిలుస్తారు, అందరూ అనుమానిస్తారు. సముద్రం అవతలి పెద్ద దేశం మనకి యుద్ధ విమానాలు అమ్ముతుంది, మన సరుకు మీద సుంకం వేస్తుంది. కొండల అవతలి పెద్ద దేశం మనతో వ్యాపారం చేస్తుంది, సరిహద్దులో సైన్యాన్ని దించుతుంది. మనం ఇద్దరితోనూ ఉంటాం, ఎవరి పక్షమూ కాదంటాం. టీవీలో కూర్చున్న మేధావులు దీన్ని స్వతంత్ర విధానం అంటారు. అన్నకీ మొగుడికీ మధ్య మా అమ్మ చేస్తున్నదీ అదే. కాకపోతే ఆమె కోసం ఎవరూ తివాచీ పరవలేదు.

దేశం ఎదుగుతున్న కొద్దీ వచ్చిపోయే అధ్యక్షులు పెరిగారు. రిహార్సల్‌కి మనుషులు చాలక, ఇద్దరు నేతల మధ్య నిలబడే ద్విభాషి బదులు నన్ను దినకూలికి పెట్టుకున్నారు. అన్ని పుస్తకాలు చదివినందుకు నాకు దక్కిన మొదటి దౌత్య పదవి అది.

అప్పుడే కొండల అవతలి దేశాధ్యక్షుడు వస్తున్నాడని తెలిసింది. సరిహద్దులో రెండు సైన్యాలూ ఏళ్లుగా ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. అవి అలా నిలబడ్డాక ఆయన రావడం ఇదే మొదలు. ఆయన పొట్టి. కాబట్టి ఆయన మా మామయ్య.

"నవ్వాలి, పళ్లు కనబడకూడదు," అంది మర్యాద మేడమ్. "చెయ్యి కలపాలి, ఊపకూడదు. శత్రుత్వం వద్దు, స్నేహమూ వద్దు."

నాన్న, మామయ్య ఎదురెదురుగా వచ్చి చేతులు కలిపారు. కళ్లు కలపలేదు. ఇద్దరి పెదాలూ కుట్టేసినట్టు బిగుసుకున్నాయి. మేడమ్ చప్పట్లు కొట్టింది.

"అద్భుతం! సరిగ్గా ఇదే కావాలి! నమ్మకం లేదు, అలాగని యుద్ధమూ లేదు. ఇంత సహజంగా ఎలా చేస్తున్నారు?"

"ఇంట్లో రోజూ సాధన చేస్తున్నామండీ," అన్నాడు నాన్న.

మామయ్య నా వైపు తిరిగాడు. "మీ నాన్నకి చెప్పు, తివాచీ అంచు తొక్కుతున్నాడని."

"నాన్నా, తివాచీ అంచు తొక్కుతున్నావట."

"ఇది మా దేశం తివాచీ, మా ఇష్టం వచ్చిన చోట తొక్కుతామని చెప్పు మీ మామయ్యకి."

మేడమ్ నా భుజం తట్టింది. "ద్విభాషి కూడా బాగా చేస్తున్నాడు."

అంతా కుదిరిందనుకున్నాం. ఇంతలో సముద్రం అవతలి దేశం రాత్రికి రాత్రే మన సరుకు మీద సుంకం రెట్టింపు చేసింది. మర్నాడు మేడమ్ జుట్టు కూడా దువ్వుకోకుండా వచ్చింది.

"మొత్తం మారిపోయింది. కొండల అవతలి వాళ్లతో మనకిప్పుడు చాలా స్నేహం. కౌగిలించుకోవాలి."

"ఎవరు?" అన్నాడు మామయ్య.

"మీరిద్దరూ."

"కుదరదు మేడమ్. సరిహద్దు గొడవ తేలకుండా కౌగిలింతలేంటి?"

"అదంతా పైవాళ్లు చూసుకుంటారండీ."

"పైవాళ్లెవరూ లేరు మేడమ్. మాది ఒకే అంతస్తు."

మేడమ్‌కి ఏమీ బోధపడలేదు. ఓపిక మాత్రం అయిపోయింది. "చూడండి, మీకు కుదరకపోతే వంటగదిలో పొట్టివాళ్లు ఇద్దరున్నారు. పిలిపిస్తాను."

మామయ్య మొహం పాలిపోయింది. సొంత దేశం ఎలాగూ పోయింది. ఈ పరాయి దేశం కూడా పోతే ఆయన మళ్లీ కుర్చీలు తుడుచుకోవాల్సిందే. వెళ్లి తివాచీ మీద నిలబడ్డాడు.

మొదటిసారి నాన్న పైనుంచి వంగాడు. మామయ్య మొహం నాన్న చొక్కా జేబులోకి వెళ్లిపోయింది.

"అతిథిగారు కనబడట్లేదు!" అని అరిచాడు కెమెరా అతను.

రెండోసారి ఇద్దరూ తలలు ఒకే పక్కకి వంచారు. ఠంగుమని చప్పుడైంది. మూడోసారి కౌగిలించుకున్నారు గానీ, రెండు ట్రంకు పెట్టెల్ని ఆనించి పెట్టినట్టుంది.

"చెవిలో ఏదో చెప్పుకుంటున్నట్టు ఉండండి," అంది మేడమ్ నీరసంగా. "ఫొటోలో ఆప్యాయత కనబడుతుంది. ఏయ్ ద్విభాషీ, కెమెరాకి అడ్డం వస్తున్నావు, ఆ స్తంభం వెనక్కి పో!"

ఏళ్ల తరవాత వాళ్లిద్దరి మధ్య ఒక మాట నడవబోయే సమయానికి, ఆ మాట వినాల్సినవాణ్ణి స్తంభం వెనక్కి నెట్టారు. పెద్ద విషయాల్లో ఎప్పుడూ ఇంతే.

స్తంభం పక్కనుంచి తొంగి చూశాను. నాన్న చేతులు చాచి, ఎక్కడ పెట్టాలో తెలియక, తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. తరవాత వంగి మామయ్య చెవిలో ఏదో అన్నాడు. మామయ్య ఆయన కాళ్ల వైపు చూశాడు. ఆనక నాన్న నడుం పట్టుకుని కాస్త పక్కకి జరిపాడు. తన పాదంతో నాన్న పాదాన్ని వెనక్కి నెట్టాడు. గడ్డం పైకెత్తి, తనే ముందుకొచ్చి కౌగిలించుకున్నాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"పళ్లు కనబడినా ఫర్వాలేదు! అలాగే ఉండండి!" అని అరిచింది మేడమ్.

ఆ సాయంత్రం పక్క వాటాలో బీరువా ఈడ్చిన చప్పుడు వినబడింది. అమ్మ తలుపు తీసి, అన్నని చూసి, ఏడవబోయి మానుకుంది. "వీధి చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులరిగిపోయాయి. కొత్తవి ఎవరు కొనిపెడతారో ఇద్దరూ తేల్చుకోండి," అంది.

మామయ్య చెయ్యి కడుక్కుని వెళ్లాక నాన్నని అడిగాను, ఆయన చెవిలో ఏం చెప్పావని.

"ఏముంది? ఊపిరాడట్లేదు, కాస్త వదులు బావా అన్నాను."

"అప్పటికింకా పట్టుకోనేలేదుగా నాన్నా?"

"నీకెందుకురా? పోయి పడుకో."

అమ్మ గిన్నెలు ఇంకాస్త చప్పుడు చేస్తూ తోమింది.

అధ్యక్షుడు వచ్చిన రోజు మా వాటాలో అందరం టీవీ ముందు చేరాం. అంతకుముందు రోజే సముద్రం అవతలి దేశం సుంకం తగ్గించేసింది. టీవీలో నేతలిద్దరూ ఎదురెదురుగా వచ్చారు. చెయ్యి కలిపారు, ఊపలేదు. నవ్వారు, పళ్లు కనబడలేదు. అంతే, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు.

మామయ్య లేచి నిలబడ్డాడు. "ఇదేంటి! మేం తలలు బద్దలు కొట్టుకుని కౌగిలించుకుంటే, వీళ్లకేం రోగం?"

"మన మొదటి రిహార్సల్ చేశారు బావా," అన్నాడు నాన్న.

"అది కూడా సరిగ్గా రాలేదు. ఆ పొట్టాయన చూడు, భుజం ఎలా వేలాడేశాడో."

"మన పొడుగాయన మాత్రం? తివాచీ అంచు తొక్కుతున్నాడు."

ఇద్దరూ కలిసి రెండు దేశాల్నీ చీల్చి చెండాడారు. ఆ తరవాత మేధావులు వచ్చి, ఆ కరచాలనంలో ఎంతో లోతైన సందేశం ఉందని చాలాసేపు చెప్పారు.

భద్రత గురించి అన్ని పుస్తకాలు చదివినందుకు, చివరికి నాకు భద్రతలోనే ఉద్యోగం దొరికింది. దూరపు ఊళ్లో ఒక గోదాముకి కాపలా. బస్సు దగ్గరికి మామయ్య వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని, అదే నడకతో. నేను మళ్లీ సెలవు మీద వచ్చేలోపే ఆయన పోయాడు. కాబట్టి ఆయన్ని చూడటం అదే ఆఖరు. బస్సు కిటికీలోంచి అడిగాను.

"మామయ్యా, ఆ రోజు నాన్న నీ చెవిలో ఏమన్నాడు?"

మామయ్య అటూ ఇటూ చూశాడు. "'ఎలా నిలబడాలో చెప్పు బావా, నాకు తెలియట్లేదు' అన్నాడు."

"నాన్న అలా చెప్పలేదే! ఊపిరాడక వదలమన్నానని చెప్పాడు."

మామయ్యకి కోపం రాలేదు. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, ఊపకుండా, పళ్లు కనబడేలా నవ్వాడు.

"చెప్తాడు మరి, అధినేత కదా. తిరిగెళ్లాక మీ నాన్నకీ ఇంట్లో జనం ఉంటారు కదరా, వాళ్లకేదో ఒకటి చెప్పుకోవాలి."