మూడు కాళ్ల స్టాండు, మామ వడ్లు

మా నల్గొండ ఆకాశానికి ఏడాదిలో చాలా రోజులు పని ఉండదు. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా పడి ఉంటుంది. దాని కింద ఎంత మంచి కెమెరాతో గుట్టను తీసినా రాళ్లు రాళ్లలాగే వస్తాయి. ఎండాకాలం యాసంగి వరికోతలప్పుడు మాత్రం కొంచెం కదలిక ఉంటుంది. పొద్దంతా మాడ్చిన గాలి సాయంత్రం ఒక్కసారిగా ఆగిపోతుంది, గుట్ట వెనక నుంచి మొగులు లేస్తుంది. అప్పుడు అదే రాయి ఏదో గొప్ప వంశంలో పుట్టినట్టు నిలబడుతుంది. అందులో ఫొటో తీసేవాడి ప్రతిభ ఏమీ లేదు. మబ్బు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడగలిగితే చాలు.

అప్పట్లో నేను నార్కట్‌పల్లి చౌరస్తాలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. పొద్దున్నుంచి పాస్‌పోర్టు సైజు ముఖాలు. వెనక నీలం గుడ్డ, ముందు నేను, "గడ్డం కొంచెం దించండి, చెవులు కనపడాలి." రోజూ ఆ గుడ్డ చూసి చూసి విసిగిన వాడికి, ఎవరూ మేకులు కొట్టకుండానే కొండ వెనక నల్లటి తెర లేస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. వానలో ఫొటో రాదు, జలుబు వస్తుంది. ఫొటో వచ్చేదంతా వానకు ముందు కాసేపట్లోనే, లేదంటే వాన వెలిసిన వెంటనే. ఒక పక్క మబ్బు నల్లగా ఉండాలి, ఇంకో పక్క ఎండ మిగిలి ఉండాలి. రెండూ పోట్లాడుకుంటుంటే మధ్యలో మనం ఉండాలి.

అలా ఉండటానికి నేను ఎంచుకున్న జాగా మా మేనమామ ఊరు. ఊరి బయట గుట్ట, గుట్ట ముందు చదును నేల, ఆ నేల మీద వడ్ల కొనుగోలు కేంద్రం. రైతులు అక్కడ వడ్లు కుప్పలు పోసి ఎండబెడతారు. తేమ కొలిచే మిషన్ సరేనంటే బస్తాల్లోకి ఎత్తి కాంటా వేయించుకుంటారు. అనకపోతే మళ్లీ ఎండబెడతారు. పక్కనున్న కల్వర్టు మీద నిలబడితే ముందు పసుపుపచ్చటి కుప్పలు, వాటి వెనక గుట్ట, పైన మొగులు. పెళ్లి ఫొటోలకు కూడా ఇంత చక్కగా ఎవరూ వరసలో నిలబడరు.

మొదటిసారి అక్కడ నేను మూడు కాళ్ల స్టాండు విప్పగానే, కుప్ప దగ్గర కూర్చున్న మామ లేచి వచ్చాడు.

"ఏందిరా అల్లుడా, భూమి కొలుస్తున్నవా?"

"మొగులును ఫొటో తీస్తున్న మామా."

"మనుషులు దొరుకుతలేరా?"

"మొగులుకు గడ్డం దించమని చెప్పే పని లేదు."

ఆ రోజు వాన కొట్టింది. రెండోసారి వెళ్లినప్పుడూ కొట్టింది. మూడోసారి నేనింకా బండి దిగకముందే, మామ పక్క కుప్ప అవ్వ లేచి కేకేసింది.

"లేవుండ్రి, లేవుండ్రి! స్టాండు పిలగాడొచ్చిండు!"

నిమిషాల్లో కుప్పలన్నిటి మీదా టార్పాలిన్ పరదాలు పడ్డాయి. పసుపు పోయి అంతా నీలం. నేను చౌరస్తా నుంచి అంత దూరం పారిపోయి వచ్చింది ఏ రంగు నుంచో, ఆ రంగే.

"అవ్వా, జర ఆగరాదు. ఒక్క ఫొటో."

"ఆగితే నీ ఫొటోకు మొలకలు రావు బిడ్డా, నా వడ్లకొస్తయ్."

ఆ రోజూ వాన వచ్చింది.

నాకేదో విద్య తెలుసని వాళ్ల నమ్మకం. నిజానికి ఆ విద్య మా స్టూడియో ఓనర్‌ది. కరెంటు పోతే ఆయన షట్టర్ దించేస్తాడు. గాలి లేస్తే నార్కట్‌పల్లిలో కరెంటు పోతుంది. షట్టర్ దించితే నేను బండెక్కుతాను. నా వెనకాలే ఆ గాలి కూడా వస్తుంది. ఇంతే శాస్త్రం. కానీ స్టూడియోకు ఫోన్లు మొదలయ్యాయి. "ఇయ్యాల వస్తున్నవా? వస్తే ఎప్పుడొస్తవ్?" ఫొటో కావాలని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక రోజు ఓనర్ చుట్టాల ఫంక్షన్ ఉందని తొందరగా మూశాడు. కరెంటు పోలేదు, గాలి లేదు, నేను మాత్రం వెళ్లాను. అవ్వ కేకేసింది. పరదాలు పడ్డాయి. మబ్బు మమ్మల్ని ఓసారి చూసి మహబూబ్‌నగర్ దిక్కు పోయింది. పరదా కింద ఉక్కకు వడ్లు చెమట పట్టాయి. మర్నాడు మామ కుప్ప దగ్గర తేమ మిషన్ తల అడ్డంగా ఊపింది. ఆయన ఎన్నాళ్ల నుంచో ఆ కుప్ప పక్కనే పడుకుంటున్నాడు, అత్త తెచ్చిన అన్నం అక్కడే తింటున్నాడు. ఇంకొక్క వాన తగిలితే వడ్లు మొలకెత్తి, ఆ పంటంతా కోళ్లకే. రాత్రి ఫోన్ చేశాడు.

"అల్లుడా, రేపు మల్ల నా వంతు. నువ్వు మాత్రం రాకు."

"ఎందుకు మామా?"

"నిన్ను జూస్తే గీళ్లందరు పరదాలు గుంజుతరు. మిషన్ సారు సంచి సర్దుకొని పోతడు."

"మరి మొగులైతే?"

"మొగులు సంగతి నేను జూసుకుంట. నీతోనే నాకు ఫికర్."

మర్నాడు మధ్యాహ్నం దాటాక కరెంటు పోయింది. షట్టర్ దిగింది. మామ రావద్దన్నది కేంద్రానికి. గుట్ట గురించి ఆయన ఏమీ అనలేదు. అవతలి వైపు బండి ఆపి గుట్ట ఎక్కాను.

పై నుంచి చూస్తే, పక్కవాటంగా పడుతున్న ఎండలో కుప్పలన్నీ బంగారంలా ఉన్నాయి. మబ్బు నీడ పొలాల మీద పాకుతోంది గానీ కుప్పల దాకా ఇంకా రాలేదు. నేను ఇన్నాళ్లూ తల పైకెత్తి వెతికిందంతా కింద ఉంది. కెమెరా తీసి జూమ్ చేశాను. మామ పక్కన మిషన్ సారు వంగి చూసి తలూపాడు, ఈసారి నిలువుగా. మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. హమాలీలు ఖాళీ బస్తాలు తెచ్చారు.

అప్పుడే మెడకు చల్లగాలి తగిలింది. వెనక్కి తిరిగితే అవతలి ఊరు లేదు. దాని జాగాలో వాన గోడలా నిలబడి ఉంది. కింద వాళ్లకు ఇదంతా గుట్ట చాటు. వాళ్ల నెత్తిన ఇంకా ఎండే. పైగా స్టాండు పిలగాడు రాలేదు కదా, ఇంక మొగులు వైపు చూసే పనేముంది?

ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. కెమెరాలో చూస్తే మామ చొక్కా దూరంగా ఆయన బండి హ్యాండిల్‌కు వేలాడుతోంది, ఫోన్ అందులో ఉంది. అరిచాను. గాలి హోరులో ఆ అరుపు నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు. ఇక వాళ్లకు చదవడం వచ్చిన అక్షరం నా దగ్గర ఒక్కటే ఉంది. స్టాండు మూడు కాళ్లూ పూర్తిగా లాగి, రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాను. ఉరుములప్పుడు గుట్ట మీద ఈ పని ఎవరూ చేయకండి. బాగా కనిపిస్తుంది, పిడుగుకు కూడా.

కింద అవ్వ నిటారుగా నిలబడింది. ఏమందో వినపడలేదు గానీ నాకు తెలుసు. ఒక్కొక్క కుప్పా నీలమవుతూ వచ్చింది. మామ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసి ఏదో తిట్టాడు. మా అమ్మను తిట్టి ఉంటే, ఆమె ఆయన సొంత చెల్లెలే కాబట్టి అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. తిట్టడం అయ్యాక పరదా అందుకున్నాడు.

బంగారం మీద నీడ పడే ఆ ఘడియను నేను తీయలేదు. త్యాగమనుకోకండి. స్టాండు తల మీద పెట్టుకుని ఫొటో తీయడం ఎవరికీ రాదు.

దిగడం సగం కాళ్లతో, సగం ప్యాంటుతో అయింది. మొదటి చినుకులతో పాటే మామ కుప్ప దగ్గరికి చేరాను.

"రావద్దన్న గదరా!"

"రాలే మామా, గుట్ట మీదికి పోయిన."

"నోరు మూసుకొని గా మూల వట్టుకో!"

ఒక మూల నేను, ఒక మూల అత్త, గాలికి పరదా లేచిపోకుండా కుప్ప మీద మామ. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టమంటారు. నేను ముందుచూపుతో కెమెరాను తడవకముందే వడ్లలో పెట్టాను. కాసేపు రాళ్లవాన కూడా పడింది. మామ తువ్వాల నెత్తిన వేసుకుని, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా కూర్చున్నాడు.

వాన వెలిశాక మబ్బు కింది నుంచి ఎండ తొంగిచూసింది. గుట్ట మీద నీళ్లు చారలుగా మెరుస్తున్నాయి, వెనక మొగులు ఇంకా నల్లగానే ఉంది, ముందు నీలం పరదాలు. మామ ఇంకా కుప్ప దిగలేదు. కల్వర్టు మీదికి పోయి ఒక ఫొటో తీశాను. మర్నాడు పొద్దున పరదా తీస్తే వడ్లు పొడిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి కాంటా అయింది. మామ ఆ రాత్రి ఇంట్లో పడుకున్నాడు.

ఆ ఫొటోను స్టూడియో గోడకు తగిలించాం. ఆ నీలం చూసి వచ్చినవాళ్లు ఏ చెరువు అని అడుగుతారు. ఆ మధ్య మామ ఏదో దరఖాస్తుకు ఫొటో కావాలని వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మంచిగనే ఉన్నది గని, నా వడ్లు ఏడున్నయిరా ఇందుల?"

"నీ కిందనే ఉన్నయి మామా. కనిపిస్తలేవు."

"కనిపిస్తలేవా?" ఇంకా దగ్గరికి వంగి చూశాడు. "కనిపించకుంటేనే మంచిగున్నట్టు."

అని నీలం గుడ్డ ముందుకు పోయి కూర్చుని, నేను చెప్పకముందే గడ్డం దించాడు.