మాటలు మోసిన టైలరమ్మ

ఆ టైలరమ్మకి రెండు భాషలు ఎలా వచ్చాయో చెప్పాలంటే వాళ్ళమ్మ దగ్గర మొదలుపెట్టాలి. అమ్మది కొండల అవతలి ఊరు. ఆసుపత్రిలో ఆయా పనికని వచ్చి, ఈ ఊరి అబ్బాయిని చేసుకుని, పైవీధిలో అత్తగారింట్లో కాపురం పెట్టింది. అత్తకి కోడలి భాష రాదు, కోడలికి అత్త భాష రాదు. రెండూ వచ్చిన మొగుడు పొద్దున పోతే పొద్దుగూకాక గానీ ఇల్లు చేరడు. ఇక మధ్యలో మాటలు మోయడానికి దొరికింది ఈ పిల్లే.

"ఈ కూర కుక్క కూడా ముట్టదని మీ అమ్మకి చెప్పు," అనేది నాయనమ్మ. పిల్ల వంటింట్లోకి పరిగెత్తి, "ఉప్పు కాస్త ఎక్కువైందంటమ్మా, అయినా బాగుందంట," అనేది. "ఆవిడకి నోరు తప్ప ఒంట్లో ఇంకేదీ పనిచెయ్యదని చెప్పు," అనేది అమ్మ. పిల్ల తిరిగొచ్చి, "నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతోంది నాయనమ్మా," అనేది.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఏనాడూ పోట్లాడుకోలేదు. నాయనమ్మ మంచాన పడ్డాక కోడలు పెడితే తప్ప తినలేదు. "నా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల," అని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పి మరీ కన్నుమూసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, మంచిది కాని నోటిని మధ్యలో ఉన్నవాళ్ళే కాస్త కడిగి అందించాలని టైలరమ్మకి చిన్నప్పుడే ఒంటబట్టింది.

పెద్దయ్యాక ఆమె పైవీధికీ కిందివీధికీ మధ్యనున్న రోడ్డు మీద కుట్టు దుకాణం పెట్టుకుంది. మొగుడు లారీలు తోలుతూ ఎప్పుడో తప్ప ఇంటిపట్టున ఉండేవాడు కాదు. కిందివీధిలో అంతా కొండల అవతలి నుంచి వచ్చినవాళ్ళే. ఒకప్పుడు నూలు మిల్లులో సమ్మె జరిగితే, దాన్ని విరగ్గొట్టడానికి యజమానులు వాళ్ళని లారీల్లో తెచ్చి దింపారు. మిల్లు మూతపడి ఏళ్ళు గడిచినా రెండు వీధుల మధ్య ఆ సమ్మెని మాత్రం ఎవరూ విరమించలేదు. పైవీధివాళ్ళు కిందివీధిలో అడుగుపెట్టరు. కిందివీధి పెద్దవాళ్ళు, అవసరం పడలేదనో పంతానికో, ఈ ఊరి భాష నేర్చుకోనేలేదు.

అలాంటి ఊరికి కొత్తగా ఒక లైబ్రేరియన్ వచ్చింది. ఉత్సాహం ఉన్న మనిషి. పుస్తకాలకి దుమ్ము పట్టడం చూడలేక, శనివారం సాయంత్రాలు చదువుకునే గదిలో బల్లలు గోడకి జరిపించి, కుర్చీలు గుండ్రంగా వేయించి, రెండు వీధులవాళ్ళనీ పిలిచింది. వాదనలొద్దు, తీర్పులొద్దు, తలా ఒక సంగతి చెప్పుకోవడమే పని. ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యడానికి టైలరమ్మని బతిమాలింది.

"నాకు కత్తెర పట్టుకోవడం వచ్చు గానీ మైకు పట్టుకోవడం రాదు మేడమ్," అంది టైలరమ్మ.

"మైకు లేదండీ. మీరు ఇద్దరి మధ్యలో కూర్చుంటే చాలు."

అది ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటున్న చోటే.

మొదట్లో నలుగురో అయిదుగురో వచ్చేవారు. పోనుపోనూ కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు. మిల్లులో ఫిట్టర్‌గా చేసి మానేసిన పైవీధి పెద్దాయన ఒక్క శనివారమూ తప్పేవాడు కాదు. కిందివీధిలో రొట్టెల దుకాణం నడిపే పెద్దావిడ, మొగుడు పోయిన మనిషి, పళ్ళెం నిండా రొట్టెలతో వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చునేది. "ఈ ముసలాడు కూర్చున్న చోట గాలి కూడా ఆడదు," అని ఆవిడ గొణిగితే, "మీకు గాలి తగులుతోందా అని అడుగుతోంది అన్నయ్యా," అని టైలరమ్మ అందించేది. ఆయన మురిసిపోయి కిటికీ తెరిచేవాడు. కిటికీ తెరిచినందుకు ఆవిడ ఆయనకి పెద్ద రొట్టె ఇచ్చేది. అబద్ధంతో మొదలైనా అక్కడి నుంచి నిజమే నడిచేది. ఫిట్టర్ భార్యకి ఆపరేషన్ అయినప్పుడు రొట్టెలావిడ తనంతట తానే, "ఆ తల్లి కోసం రోజూ దీపం పెడుతున్నానని చెప్పు చెల్లీ," అంది. దానికి టైలరమ్మ ఏమీ కలపలేదు, తీసెయ్యలేదు.

లైబ్రేరియన్ పొంగిపోయింది. ఎక్కడెక్కడి నుంచో పెద్దమనుషులు చూడటానికి వచ్చారు.

ఆ శనివారం మాట్లాడుకోవలసింది 'మనం పోగొట్టుకున్న మనిషి' గురించి. రొట్టెలావిడ కూతురు వేరే ఊళ్ళో నర్సు. సెలవుకి వచ్చి తల్లి వెనక కూర్చుంది. ఈ ఊరి బడిలో చదువుకుంది కాబట్టి ఆమెకి రెండు భాషలూ వచ్చు. టైలరమ్మకి అది తెలుసు. కానీ ఆ సాయంత్రం గుర్తురాలేదు.

ఫిట్టర్ నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. "మా తమ్ముడు. సమ్మె ఓడిపోయాక మళ్ళీ పనిలో చేరాడు. మిషన్ కింద దూరి దారం తీస్తున్నాడు. పైన ఎవరో స్విచ్ వేశారు. వాడు ఆపు, ఆపు అని అరిచాడు. షెడ్డంతా వినపడింది." తలెత్తి రొట్టెలావిడ వంక చూశాడు. "స్విచ్ దగ్గరుంది నీ మొగుడే. ఆపు అన్న ఒక్క మాట నేర్చుకుని ఉంటే మా వాడు బతికేవాడు. ఇన్నాళ్ళుగా నీ రొట్టె తింటున్నాను. ఇవాళైనా నీ నోటితో ఒక్క మాట చెప్పు."

గదిలో ఉన్నవాళ్ళంతా టైలరమ్మ నోటివైపు చూశారు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ గతి పట్టింది ఆమెకి. ఈ మాట ఎలా దాటించాలి? మొగుడు పోయిన మనిషికి, నలుగురిలో? ఆమె నాలుక పాత అలవాటునే పట్టుకుంది. "వాళ్ళ తమ్ముడు మిల్లు ప్రమాదంలో పోయాడంట అక్కా. అందరికీ కష్టకాలమే అంటున్నాడు."

రొట్టెలావిడ జాలిగా తలూపింది. "మిల్లులో సుఖపడిందెవరు అన్నా? పోయినవాళ్ళు పోయారు. ఉన్నవాళ్ళం తిందాం," అని నవ్వు ముఖంతో పళ్ళెం ఆయన ముందుకి జరిపింది.

ఆ నవ్వుకి తర్జుమా అక్కర్లేదు. ఫిట్టర్ ముఖం పాలిపోయింది. "ఏమంది? నవ్వుతూ ఏమంది?" రొట్టెలావిడ కూతురు లేచి నిలబడింది.

"మా అమ్మకి మీరు చెప్పింది చేరలేదండీ. ఈవిడ చెప్పనే లేదు." తల్లివైపు తిరిగి ఆయన అన్నదంతా పొల్లుపోకుండా చెప్పేసింది.

పళ్ళెం మీదున్న ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. టైలరమ్మతోనే అంది, చాలా నెమ్మదిగా. "ఇప్పుడు నేననేది ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క అక్షరం మార్చినా నీకు పాపం." టైలరమ్మ చెప్పింది. జీవితంలో మొదటిసారి ఒక చేదుమాటని కడగకుండా చెప్పింది.

"మా ఆయనకి ఎవరు నేర్పారు మీ మాటలు? లారీ దిగిన రోజు నుంచి మీ కొళాయి దగ్గర మాకు నీళ్ళు పట్టనివ్వలేదు. మేం నేర్చుకున్న మొదటి మాట 'పోండి'. తర్వాతి మాటలు ఆడదాన్ని, ఇక్కడ చెప్పలేను. ఆ చావు తర్వాత ఆయన మళ్ళీ స్విచ్ ముట్టలేదు, ఇంట్లో దీపం స్విచ్ కూడా. నేనే వేసేదాన్ని. అది నువ్వెప్పుడైనా అడిగావా?"

రెండూ నిజాలే. ఒకదాని పక్కన ఇంకోటి పెడితే ఏదీ తగ్గలేదు. ఫిట్టర్ కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయాడు. ఎవరో మూలనుంచి, "రెండు నాలుకలదాన్ని మధ్యలో కూర్చోబెడితే ఇంతే," అన్నారు. ఇంకెవరో నవ్వబోయి ఆపుకున్నారు.

లైబ్రేరియన్ ఊరుకోలేదు. పట్నం నుంచి చదువుకున్న దుబాసీని పిలిపించింది. అతను తూచినట్టు చెప్పేవాడు, మంచివాడు కూడా. రెండు శనివారాలు జనం వచ్చారు, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత రావడం మానేశారు.

టైలరమ్మ ఫిట్టర్ ఇంటికి వెళ్ళింది. ఆయన గడపలోనే నిలబెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఆవిడ అన్నట్టు నువ్వు నాకు చెప్పినవాటిలో ఏవి నిజమమ్మాయ్?"

ఆమె గుర్తుచేసుకోబోయింది. ఎన్నో మాటలు. ఏది మోసిందో, ఏది మధ్యదారిలో తను కుట్టి అతికిందో ఆమెకే తెలియలేదు.

"వదిన ఆపరేషన్‌కి ఆవిడ దీపం పెట్టింది నిజం అన్నయ్యా. ఒట్టు."

"నువ్వలాగే అంటావులే," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తలుపు వేసుకున్నాడు.

రొట్టెలావిడ దుకాణానికీ వెళ్ళింది. ఆవిడ రొట్టె కాగితంలో చుట్టిచ్చింది గానీ నోరు విప్పలేదు. అంతకుముందు ఎంత మాట్లాడేదో!

ఇంట్లో అమ్మకి చెప్పుకుందామనుకుంది. వయసు మీదపడి అమ్మ సగం మనుషుల్ని మరిచిపోయింది, అత్త మాత్రం గుర్తుంది. "మా అత్తంత మంచి మనిషి లేదే," అంది ఆ పూట కూడా. టైలరమ్మ ఆమె దుప్పటి సర్దింది. ఇప్పుడు ఆ మాట విప్పి ఏం లాభం?

వానాకాలంలో ఫిట్టర్ భార్య చనిపోయింది. ఇంటి ముందు కుర్చీలు వేశారు. టైలరమ్మ వెళ్ళి రోడ్డుకి అవతల నిలబడింది, లోపలికి పోవడానికి కాళ్ళు రాలేదు. అంతలో కిందివీధి నుంచి రొట్టెలావిడ ఒక్కతే నడిచొచ్చింది. పైవీధిలోకి ఆవిడ రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఫిట్టర్ కుర్చీ ఎదుట నిలబడి తన భాషలోనే మాట్లాడటం మొదలుపెట్టింది. కూతుర్ని తెచ్చుకోలేదు, టైలరమ్మని పిలవలేదు. ఆయన ఆవిడ పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాడు. అర్థం కావడం లేదని ముఖమే చెబుతోంది.

రోడ్డు అవతల టైలరమ్మకి ప్రతి మాటా వినపడుతోంది. అందులో దీపం సంగతి ఉంది. క్షమించలేనన్న మాటా ఉంది, క్షమించమన్న మాటా ఉంది.

ఆవిడ ముగించి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఫిట్టర్ తలెత్తి రోడ్డు అవతలికి చూశాడు. అడుగుతాడనుకుని టైలరమ్మ ఒక అడుగు ముందుకి వేసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

పక్కనున్న పొరుగింటావిడ మోచేత్తో పొడిచింది. "ఏమందే? ఇంతసేపు ఏం మాట్లాడింది?"

చెబితే ఎవరు నమ్ముతారు?

"సరిగ్గా వినపడలేదు వదినా," అంది టైలరమ్మ.